పాఠకుల ప్రశ్నలు: అరవై దాటాక పంక్ సంగీతమా?

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ముగించి, 1987లో పై చదువుకు అమెరికా వెళ్లి, వాషింగ్టన్ నగరాన్ని ఆనుకుని ఉన్న మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో నాలుగేళ్లు ఉన్నాను. తోటి విద్యార్థి ఒకతను నన్ను ఒక చర్చి హాలులో జరిగే పంక్ (వేగంగా, బిగ్గరగా సాగే ఒక రకం రాక్ సంగీతం) కచేరీకి వెంటబెట్టుకుపోయాడు. ఆ తరువాత ఫుగాజీ మొదలుకొని ఆ ఊరి బృందాలను ఎన్నింటినో విన్నాను. తిరుపతికి తిరిగివచ్చి, అధ్యాపకుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను గాని ఆ ఊరి బృందాల మీద అభిమానం తగ్గలేదు. నేను వచ్చేసిన తరువాత అక్కడ పుట్టిన బృందాల పాటలను కూడా వెతుక్కుని వింటూనే ఉన్నాను. మా అబ్బాయి, "నాన్నా, నీకు ఇష్టమైనది ఆ సంగీతం కాదు, నీ పాతికేళ్ల వయసు" అంటాడు. తాగుబోతుల గోల ఈ వయసులో మీకెందుకని బంధువులు నవ్వుతారు. ఆనాటి కరపత్రాలు, క్యాసెట్లు ఒక రేకు పెట్టె నిండా ఉన్నాయి. నా అభిమానానికి అర్థముందా? ఆ పెట్టెను ఏం చేయమంటారు?
(విశ్రాంత అధ్యాపకుడు, కొర్లగుంట, తిరుపతి)

జవాబు: మీ అబ్బాయి మాటను పూర్తిగా కొట్టివేయలేము. సుమారు పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల వయసు వరకు ఉన్న జ్ఞాపకాలే పెద్దతనంలో మనిషికి ఎక్కువగా గుర్తుకు వస్తాయని మనస్తత్వ శాస్త్రజ్ఞులు చెబుతారు. ఘంటసాల పాట వినబడగానే కళ్లు చెమర్చే మన పెద్దవారిని చూసినా అది తెలుస్తుంది. అయితే అతని వాదానికి సమాధానం మీ ఉత్తరంలోనే ఉంది. తన పాతికేళ్ల వయసును మాత్రమే ప్రేమించేవాడు ఆ నాటి క్యాసెట్ల దగ్గరే ఆగిపోతాడు. తాను ఊరు విడిచి వచ్చిన తరువాత, తన ముఖమైనా ఎరుగని పిల్లలు కట్టుకున్న బృందాన్ని తిరుపతిలో కూర్చుని వెతుక్కుని వినడు. మీరు వింటున్నారు. కనుక మీకు ఆ ఊరి మీద, అక్కడివారు సంగీతాన్ని నడుపుకున్న తీరు మీద అభిమానం ఉన్నదని నేను అనుకుంటున్నాను.

ఆ తీరు ఏమిటో తెలియని పాఠకుల కోసం కొంత చెప్పవలసి ఉంది. పంక్ అనగానే చాలామందికి 1970ల నడుమ న్యూయార్క్‌లో రమోన్స్, లండన్‌లో సెక్స్ పిస్టల్స్ బృందాలు గుర్తుకు వస్తాయి. వాషింగ్టన్ కథ వేరు. అక్కడ టీన్ ఐడిల్స్ అనే బడిపిల్లల బృందం 1980లో విడిపోతూ, కచేరీలలో కూడబెట్టిన సుమారు 600 డాలర్లను పంచుకోకుండా, ఆ డబ్బుతో తమ పాటలను చిన్న రికార్డుగా అచ్చు వేయించుకుంది. దాని కోసమే ఆ బృంద సభ్యులు ఇయాన్ మకాయ్, జెఫ్ నెల్సన్ మిత్రులతో కలిసి డిస్కార్డ్ అనే రికార్డు సంస్థను పెట్టారు. అట్టలను తామే కత్తిరించి, మడిచి, అంటించుకున్నారు. పెద్ద కంపెనీలు పిలుస్తాయేమోనని ఎదురుచూడకుండా, తమ ఊరి చుట్టుపక్కల బృందాల పాటలను మాత్రమే వెలువరించాలన్న నియమంతో ఆ సంస్థ నేటికీ నడుస్తున్నది. ఒక ఊరి కుర్రకారు తమ పాటలను తామే భద్రపరచుకున్న ఇటువంటి ఉదాహరణ మన ఆర్కెస్ట్రా బృందాల చరిత్రలో లేకపోవడం నాకు లోటుగానే తోస్తుంది. చిత్తూరులో, తిరుపతిలో పెళ్లిళ్లకు, వినాయక చవితి పందిళ్లకు దశాబ్దాల పాటు పాడినవారి గొంతులు ఎన్ని నిలిచాయో మీరే ఆలోచించండి.

బంధువుల మాటకు జవాబు ఇంకా సులభం. మీరు అభిమానించే ఊరిలోనే, టీన్ ఐడిల్స్ తరువాత మకాయ్ పాడిన మైనర్ థ్రెట్ బృందం పాటల నుంచి, మద్యం, పొగాకు, మత్తుమందులు ముట్టకూడదనే స్ట్రెయిట్ ఎడ్జ్ ధోరణి పుట్టింది. పిల్లలను కచేరీలోకి రానిస్తూ, వారికి మద్యం పోయకుండా ఉండేందుకు గుర్తుగా చేతి మీద ఇంటూ గుర్తు గీసే పద్ధతిని టీన్ ఐడిల్స్ కుర్రాళ్లు కాలిఫోర్నియాలో చూసివచ్చి తమ ఊరిలో పెట్టించారు. క్రమంగా తాగని పెద్దలు కూడా ఆ గుర్తును ఇష్టపడి గీసుకున్నారు. ఇక మీరు విన్న ఫుగాజీ 1987 సెప్టెంబరు 3న విల్సన్ సెంటర్‌లో తొలి కచేరీ చేసిన బృందం. అన్ని వయసుల వారికీ ప్రవేశం ఉండాలని, టికెట్ 5 డాలర్లకు మించకూడదని పట్టుబట్టేది. అప్పటి మారకంలో అది మన డబ్బులో సుమారు 65 రూపాయలు. ప్రతి డాలరునూ రూపాయలలోకి మార్చి చూసుకునే భారతీయ విద్యార్థికి ఈ నియమం ఎంత ముఖ్యమో మీకు నేను చెప్పనక్కర లేదు. వేదిక ముందు తోసుకుంటూ పక్కవారిని గాయపరిచే వారు కనబడితే పాట ఆపి హెచ్చరించి, మాట వినని వారికి ఆ 5 డాలర్లు తిరిగి ఇచ్చి బయటకు పంపించేవారు. తాగుబోతుల గోల అన్నవారికి ఈ సంగతి నెమ్మదిగా చెప్పండి. నమ్మకపోతే వదిలివేయండి, బంధువులందరినీ పంక్ అభిమానులుగా మార్చవలసిన బాధ్యత మీ మీద లేదు.

పెట్టె విషయానికి వస్తే, దయచేసి అటకెక్కించవద్దు. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ఊరిలో అటక మీద రేకు పెట్టెలోని క్యాసెట్ టేపు పాడవుతుంది, వానాకాలపు తేమకు బూజు పడుతుంది. క్యాసెట్లను పొడిగా, చల్లగా ఉండే బీరువాలో నిలువుగా నిలబెట్టండి. బూజు పట్టిన దానిని ప్లేయర్‌లో పెట్టవద్దు, ఆ బూజు మిగిలిన వాటికి కూడా అంటుకుంటుంది. మంచివాటిని ఒక చివరి నుంచి మరొక చివరి వరకు మెల్లగా తిప్పి, నమ్మకమైన ప్లేయర్ నుంచి కంప్యూటర్‌లోకి కుదింపు లేని వేవ్ ఫైలుగా ఎక్కించుకుని, రెండు వేరు వేరు చోట్ల దాచండి. కరపత్రాలు చాలావరకు జిరాక్స్ కాగితాలే కనుక, సెలోఫేన్ టేపు అంటించకుండా, 600 డీపీఐలో స్కాన్ చేసి, వెనుక వైపు మెత్తటి పెన్సిలుతో తేదీ, హాలు పేరు, అక్కడ ఎవరు వాయించారో మీకు గుర్తున్నంత వరకు రాయండి. ఈ పని ఆలస్యం చేయవద్దు, ఎందుకంటే వివరం మీ జ్ఞాపకంలో ఉంది గాని కాగితం మీద లేదు.

ఆ కాగితాలు ఎవరికి కావాలని మీకు అనుమానం రావచ్చు. వాషింగ్టన్ ప్రజా గ్రంథాలయం 2014 నుంచి ఆ ఊరి పంక్ సంగీతానికి ప్రత్యేకంగా ఒక సేకరణను నడుపుతున్నది. మీరు చదివిన మేరీలాండ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం కూడా ఆ ఊరి పంక్ బృందాల అభిమానులు అచ్చు వేసుకున్న చిన్న పత్రికలను సేకరించి భద్రపరచింది. ముందుగా స్కాన్ ప్రతులను పంపి, వారి దగ్గర లేనివేవో తెలుసుకుని, అసలు కాగితాలను ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇంట్లో వారితో ఆలోచించి తేల్చుకోవచ్చు. ఇంకొక మాట. ఫుగాజీ వేయికి పైగా కచేరీలు చేసింది. వాటిలో 800కు పైగా వారి వద్ద టేపులుగా నిలిచి ఉండగా, 2011 చివరి నుంచి డిస్కార్డ్ వాటిని ఒక్కొక్కటిగా అంతర్జాలంలో ఉంచుతూ వచ్చింది; చాలావాటికి తేదీ, స్థలం, టికెట్ ధర, వచ్చినవారి సంఖ్య కూడా రాశారు. మీ కరపత్రాల మీది తేదీలతో పోల్చి చూస్తే, మీరు హాలులో నిలబడి విన్న కచేరీయే దొరికే అవకాశం బాగా ఉంది. దొరికితే మీ అబ్బాయిని కూర్చోబెట్టి వినిపించండి.

ప్రశ్న: ఈ పంక్‌లో శ్రుతి లేదు, రాగం లేదు, అరుపులు, తిట్లు తప్ప. త్యాగరాజ ఆరాధనోత్సవాలు జరుపుకునే, అన్నమయ్య పాటతో తెల్లవారే మన తిరుపతి వంటి చోట దీనిని సంగీతమని ఎలా ఒప్పుకుంటారు?
(సంగీత విద్యార్థిని, చిత్తూరు)

జవాబు: మీ ప్రశ్నలో రెండు విషయాలు కలిసిపోయాయి. సంగీత జ్ఞానం లేనివారు మాత్రమే పంక్ వాయిస్తారన్నది మొదటిది. అది అందరి విషయంలో నిజం కాదు. వాషింగ్టన్‌లో ఆ ధోరణికి దారి చూపిన బ్యాడ్ బ్రెయిన్స్ బృందంలోని నలుగురు ఆఫ్రికన్ అమెరికన్ యువకులు మొదట జాజ్ ఫ్యూజన్ (జాజ్, రాక్ కలిసిన, ఎంతో సాధన కోరే సంగీతం) వాయించినవారు. చేతిలో అంత సాధన ఉండీ, కావాలనే ఆ వేగాన్ని ఎంచుకున్నారు. న్యూయార్క్ రమోన్స్ 1976లో తెచ్చిన మొదటి ఆల్బంలో 14 పాటలు కలిపి అరగంటకు కూడా రావు. మీకు ఒక వర్ణం సాధన చేయడానికే అంతకంటే ఎక్కువ సమయం పడుతుందని నాకు తెలుసు. వర్ణం కోరేది గమకాన్ని, పంక్ కోరేది తడబడని తాళాన్ని, ఊపిరిని. రెండింటినీ ఒకే కొలబద్దతో కొలిచి మార్కులు వేయడం న్యాయం కాదు, అలాగని రెండూ సమానమని నేను అనడం లేదు. నాకు ఉదయాన వినాలనిపించేది అన్నమయ్యే.

రెండవది తిట్టు. తిరుపతిలో తిట్టుకు చోటు లేదని అన్నవారు మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర చూడలేదని అనుకోవాలి. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషాలు వరుసగా సాగే ఆ రోజులలో, డప్పుల మోత నడుమ, వేషం వేసినవారు ఎదురైన వారిని నోటికి వచ్చినట్లు తిట్టవచ్చు. అది అమ్మవారి మొక్కులో భాగమే గనుక ఎవరూ కోపగించుకోరు. ఆడవారిని చెరబట్టిన పాలెగాడిని గంగమ్మ వేషాలు మార్చుకుంటూ వెతికి పట్టి సంహరించిందన్న కథ ఆ తిట్ల వెనుక ఉన్నది. అధికారం మీది కోపాన్ని మోతతో, మోటు మాటతో వెళ్లగక్కడం మన ఊరికి కొత్త కాదని చెప్పడానికే దీనిని తెచ్చాను. ఈ పోలికను మరీ లాగకూడదు. జాతర తిట్టుకు దేవత అనుమతి ఉంది, గడువు ఉంది, పేరంటాలు వేషంతో ముగింపు ఉంది. పంక్ గాయకుడికి అటువంటి అండ ఏదీ లేదు. పైగా 1980లలో వాషింగ్టన్ బృందాలు పాడింది తమ ఇళ్లకు కొద్ది మైళ్ల దూరంలోని శ్వేతభవనంలో కూర్చున్న రీగన్ ప్రభుత్వపు రోజులలో. వారి పాటలలో చాలావాటికి బూతు అవసరమే రాలేదు. కోపం మాత్రం ఉంది. మీకు అది నచ్చకపోవచ్చు. నచ్చకపోవడానికి ముందు, వేగం తక్కువ ఉన్న ఫుగాజీ పాటలను కొన్నింటిని విని, మృదంగం నేర్చుకునే మీ మిత్రులతో ఆ డ్రమ్స్ లెక్కను వేయించి చూడండి.

ప్రశ్న: మావారికి 60 దాటాయి. కాలేజీ రోజుల నుంచి ఇటువంటి పాటలే ఇష్టం. ఇప్పుడు చెవిలో గుయ్యిమనే శబ్దం వస్తున్నదంటారు, అయినా ఇయర్‌ఫోన్ తీయరు. మానిపించాలా?
(గృహిణి, శ్రీకాళహస్తి)

జవాబు: పాట మానిపించనక్కర లేదు, శబ్దం తగ్గించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవారు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటల వరకు వినవచ్చు. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగానికి పడిపోతుంది; అంటే 90 దగ్గరకు వచ్చేసరికి వారానికి నాలుగు గంటలే. చాలా ఫోన్లలో శబ్దానికి హద్దు పెట్టే ఏర్పాటు సెట్టింగులలోనే ఉంటుంది, దానిని మీరే పెట్టి ఇవ్వండి. ఫ్యాన్ మోతను మించి వినబడాలని వాల్యూమ్ పెంచే అలవాటు ఉంటే, చెవిని కప్పే హెడ్‌ఫోన్ తక్కువ శబ్దంతోనే పని జరుపుతుంది. చెవిలో మోత కొన్నాళ్లుగా ఉంటే ఈఎన్‌టీ వైద్యుని వద్ద ఆడియోమెట్రీ అనే వినికిడి పరీక్ష చేయించాలి. అది ఒక్క చెవిలోనే వస్తున్నా, వినికిడి హఠాత్తుగా తగ్గినా ఆ పరీక్షను వాయిదా వేయకూడదు.