పీడీఎఫ్‌లో నాయనమ్మ దొరకడం లేదా?

ప్రశ్న: మా నాయనమ్మ పార్వతమ్మ గారిది బందరు. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో ఆవిడ పేరు కృష్ణా పత్రికలో పడిందని నాన్న అంటుంటారు. పాత సంచికల పీడీఎఫ్‌లు దించుకున్నాను. పేరు కొట్టి వెతికితే ఏమీ రావడం లేదు. మంచి యాప్ చెప్పండి.

జవాబు: ఊరూ పేరూ మారుతుంటాయి గానీ, ఈ ఉత్తరం నాకు వస్తూనే ఉంటుంది. స్కాన్ చేసిన పేజీ బొమ్మే, ఓసీఆర్ చేయాలి, అంటే బొమ్మలోని అక్షరాలను సాఫ్ట్‌వేర్‌తో చదివించి, వెతకగలిగే అక్షరాలుగా మార్చాలి. అది మీకు తెలిసే ఉంటుంది. చిక్కంతా ఆ తర్వాతే. పాత అచ్చులో పార్వతమ్మ 'పావ౯తమ్మ'గా కనిపించవచ్చు. ఆ ౯ గుర్తు వలపలగిలక, ముందున్న 'ర్'కి బదులుగా అక్షరం పక్కన వేసేవారు. దాన్ని సాఫ్ట్‌వేర్ తెలుగు తొమ్మిది అంకె అనుకుంటుంది, లేదా మింగేస్తుంది. కాబట్టి 'పావతమ్మ', 'పావ౯' అని కూడా కొట్టి చూడండి. అసలు ఆవిడ పేరే వేయకుండా 'ఫలానా ప్లీడరుగారి భార్య' అని సరిపెట్టి ఉండొచ్చు. తాతగారి పేరుతో వెతకండి. పెళ్లికి ముందు సంగతులైతే పుట్టింటివారి ఇంటిపేరుతో. అదీ కుదరకపోతే 1930 ఏప్రిల్ నుంచి పేజీలు తిప్పడమే. అప్పట్లో అది వారపత్రిక, మరీ అంత పని కాదు.

మసక ముక్కను చాట్‌బాట్‌కిచ్చి చదవమంటే మాత్రం కళ్లు మూసుకుని నమ్మొద్దు. చిరిగినచోట తనకు తోచిన పేరు పూరించి, చక్కటి తెలుగులో అప్పజెబుతుంది. 'ఇక్కడ కనబడటం లేదు' అనడానికి వీటికేం పోయిందో! ఫోన్ కెమెరాలూ అంతే. అడక్కుండానే ఫొటోకి మెరుగులు దిద్దుతాయి, కాగితం తెల్లగా మెరుస్తుంది, వత్తులు ఎగిరిపోతాయి. పాత కాగితాన్ని ఉన్నదున్నట్టు తీసే మీట మెనూలో ఎక్కడో అట్టడుగున దాచడం ఏం డిజైనో నాకు అర్థం కాదు.

నా అసలు టెన్షన్ వేరే. దొరికాక మీరేం చేస్తారు? ఆనందంతో ఫ్యామిలీ ట్రీ యాప్‌లో ఎక్కిస్తారు. నాయనమ్మ పుట్టింటి ఇంటిపేరు, కింద నాన్నగారి పేరు, పుట్టిన తేదీ, ఫొటో, అన్నీ పబ్లిక్‌గా. ఇప్పుడు మీ నాన్నగారి పెన్షన్ ఖాతా సంగతి ఆలోచించండి. అందులో సెక్యూరిటీ ప్రశ్న 'తల్లి పుట్టింటి ఇంటిపేరు' అయితే, జవాబు మీరే ఊరంతా చాటినట్టు. 'బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం సార్' అని ఫోన్ చేసేవాడు ఆ పేరు కూడా చెబితే పెద్దాయన ఇట్టే నమ్ముతారు, ఓటీపీ కూడా చెప్పేస్తారు. పాత పత్రికల్లో ఎవరైనా చదవగలిగే సంగతిని రహస్యమని ఇంకా అడుగుతున్న వాళ్లను ఏమనాలి?

యాప్‌లో బతికున్నవాళ్ల వివరాలు దాచేయండి. పేపరు ముక్క ఒక్కటే పెట్టుకోండి. నాన్నగారి ఖాతాలో ఆ ప్రశ్న ఉంటే మార్పించండి. మార్చడం కుదరదంటే జవాబు మార్చండి. నిజమే చెప్పాలన్న రూలేం లేదు. సంబంధం లేని పదమేదైనా పెట్టి, డైరీలో రాసుకోమనండి.