నాన్నల్నీ కూతుళ్లనీ కలిపి ఆడించడం మీద పరిశోధన ఎందుకు?

స్కూల్లో ఆటల పీరియడ్ ఉండగా మధ్యలో నాన్నలెందుకని కొందరు అడిగారు. ఆ పీరియడ్ ఒక్కటే సరిపోవడం లేదు కాబట్టి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకుల 2016 అంచనాలో, 11-17 ఏళ్లవాళ్లలో రోజుకు గంటసేపైనా ఒళ్లు కదల్చనివాళ్లు అబ్బాయిలు 78 శాతం, అమ్మాయిలు 85 శాతం.

నాన్నల్నీ కూతుళ్లనీ కలిపి ఆడించే పరిశోధనల్లో బాగా పేరొచ్చింది ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్ యూనివర్సిటీలో ఫిలిప్ మోర్గాన్ బృందం పనికి. 2019లో అచ్చయిన వాళ్ల ప్రయోగంలో 115 మంది తండ్రులు, 4-12 ఏళ్ల కూతుళ్లు 153 మంది ఉన్నారు. తండ్రీకూతుళ్లకు కలిపి ఎనిమిది వారాలు, వారానికో క్లాసు.

నాకు ఆసక్తిగా అనిపించింది ఆట నైపుణ్యాల మీద పెట్టిన శ్రద్ధ. బంతి విసరడమే చూడండి. నేర్పకపోతే పిల్లలు ఎదురుగా నిలబడి మోచెయ్యి ఒక్కటే ఆడిస్తారు. పక్కకు తిరిగి, ఎడమకాలు ముందుకేసి, నడుము తిప్పుతూ కుడిచేత్తో విసిరితే అదే బంతి ఎంతో దూరం పోతుంది. ఇది రాని పిల్ల నలుగురిలో ఆడటానికి సిగ్గుపడి తప్పుకుంటుంది. మనమేమో "ఆడపిల్ల కదా" అనేస్తాం! ఎవరూ నేర్పలేదు, అంతే. నాన్న రోజూ కాసేపు విసిరి పట్టిస్తే వచ్చేస్తుంది.

ఈ క్లాసుల్లో కలబడి ఆడే ఆటలూ ఉన్నాయి. ఆడపిల్లల్ని తాము వేరుగా చూస్తున్న తీరు గురించి తండ్రులకూ పాఠాలున్నాయి. ప్రోగ్రాంలో చేరని కుటుంబాలతో పోలిస్తే తండ్రీకూతుళ్లిద్దరి నడకా పెరిగింది, కూతుళ్ల ఆట నైపుణ్యం మెరుగైంది. అయితే వీళ్లంతా ఇష్టపడి చేరిన నాన్నలు. అసలు రాని నాన్నల్ని రప్పించడం వేరే సమస్య.