కంపెనీ దివాలాకెళ్తే మన బాకీ కేసులన్నీ ఆగిపోతాయా?

సందేహం: అంబత్తూరులోని ఒక కంపెనీకి ఇనుప పైపులు సరఫరా చేశాను, రెండు వెల్డింగ్ మెషీన్లు అద్దెకిచ్చాను. 22 లక్షల బాకీకి ఇచ్చిన చెక్కులు బౌన్సయ్యాయి. కంపెనీ మీద, ఎండీ మీద చెక్కు కేసు వేశాను. సివిల్ దావా కూడా ఉంది. ఈలోగా ఓ బ్యాంకు ఎన్‌సీఎల్‌టీకి (కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్) వెళ్లడంతో కంపెనీకి మారటోరియం వచ్చింది, అంటే దాని మీద బాకీ కేసులు, వసూళ్లు ఆపేశారు. అమెరికాలో అప్పులవాళ్లు కోర్టు అనుమతితో వసూలుకి వెళ్లొచ్చని మా అబ్బాయి అంటున్నాడు. మనకా వీలుందా?
– ఒక పాఠకుడు, చెన్నై

సమాధానం: మీ అబ్బాయి చెప్పింది నిజమే. అక్కడి దివాలా చట్టం 362వ సెక్షన్ ప్రకారం, తాకట్టు ఆస్తి విలువ పడిపోతోందనో మరో గట్టి కారణమో చూపిస్తే కోర్టు స్టే తీసేయొచ్చు. మన 2016 దివాలా చట్టం 14వ సెక్షన్‌లో అప్పులవాళ్లకి అలాంటి సడలింపు పెట్టలేదు. మారటోరియం ఎత్తేయమని పిటిషన్ వేస్తే డబ్బు దండగ. సివిల్ దావా ఆగాల్సిందే. ఆగిన కాలాన్ని లిమిటేషన్‌లో (దావా వేయడానికి చట్టం ఇచ్చే గడువు) లెక్కపెట్టరు కాబట్టి దాని గురించి టెన్షన్ పడకండి.

మీ అసలు బలం చెక్కు కేసు. కంపెనీ మీద అది ఆగుతుంది, ఎండీ మీద ఆగదు. 2021 మార్చి 1న మోహన్‌రాజ్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చి చెప్పింది. ఒక మెలిక మాత్రం ఉంది, తేదీలు జాగ్రత్తగా చూసుకోండి. మీ నోటీసు అందాక ఇచ్చే 15 రోజుల గడువు మారటోరియానికి ముందే ముగిసిందా? ముగిస్తే మంచిదే. మారటోరియం వచ్చాక ముగిసిందంటే, అప్పటికి కంపెనీ పెత్తనం ఎండీ చేతిలో లేదు కనుక 2025 మార్చిలో సుప్రీంకోర్టు అలాంటి కేసునే కొట్టేసింది. ఎండీ ఆ బాకీకి పర్సనల్ గ్యారంటీ రాసిచ్చి ఉంటే దాని మీద కూడా వెళ్లొచ్చు, గ్యారంటీదారుకి ఈ మారటోరియం వర్తించదు.

మెషీన్లు మీవే, కంపెనీ ఆస్తిలో కలపకూడదు. అయినా వాటిని వాళ్లు వాడుకుంటున్నంత కాలం మీరు వెళ్లి తెచ్చుకోలేరు. ఇది చాలామందికి అన్యాయంగా తోస్తుంది, నాకూ తోస్తుంది. అందుకే ఆ కాలానికి అద్దెని దివాలా ప్రక్రియ ఖర్చుగా కట్టమని అడిగే హక్కు ఇచ్చారు. ఆ ఖర్చుని మిగతా బాకీలన్నిటికంటే ముందు తీర్చాలి. బిల్లులు జతచేసి రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కి (దివాలా ప్రక్రియలో కంపెనీని నడిపే అధికారి) వెంటనే రాయండి. ఒప్పుకోకపోతే ఎన్‌సీఎల్‌టీలో దివాలా చట్టం 60(5) సెక్షన్ కింద దరఖాస్తు వేయొచ్చు.

పాత బాకీకి ఫారం బీలో (సరుకు, సేవలు ఇచ్చినవాళ్ల ఫారం) క్లెయిమ్ వేయండి. పేపరు ప్రకటనలో ఉన్న తేదీ దాటిపోయినా, ప్రక్రియ మొదలైన రోజు నుంచి కనీసం 90 రోజుల దాకా వేయొచ్చు. వేయకుండా ఊరుకుంటే, కంపెనీని గట్టెక్కించే రిజల్యూషన్ ప్లాన్‌కి ఆమోదం వచ్చిన రోజున కంపెనీ మీద మీ బాకీ చట్టరీత్యా రద్దయిపోతుంది. సరుకు సరఫరా చేసిన మీలాంటివాళ్లకి ఆ ప్లాన్‌ని తేల్చే అప్పులవాళ్ల కమిటీలో మామూలుగా ఓటుండదు, చేతికొచ్చేది కూడా తక్కువే కావచ్చు. కాబట్టి క్లెయిమ్ వేశాం కదా అని ఎండీ మీద కేసు వాయిదాలకి వెళ్లడం మానకండి.