ఆస్పత్రిలో అమ్మ పడిపోయింది.. నర్సులు తక్కువైనందుకేనా?

ప్రశ్న: హనుమకొండలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో మా అమ్మ రాత్రి బాత్రూమ్‌కు పోతూ పడి తుంటి విరగ్గొట్టుకుంది. వార్డు మొత్తానికి ఒక్కరే సిస్టర్. అందుకేనా? - ఒక పాఠకురాలు, పరకాల

జవాబు: నా నర్సు ఉద్యోగమంతా వరంగల్ వార్డుల్లోనే గడిచింది. అది పెద్ద కారణమే అమ్మా. భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం మామూలు ఆస్పత్రిలో ఐదుగురికి, బోధనాసుపత్రిలో ముగ్గురికి ఒక నర్సు. అదైనా ఎక్కడన్నా చూశారా?

అయితే తలల లెక్క ఒక్కటే చాలదు. 2010 నాటి ఒక అమెరికా అధ్యయనంలో, ఐసీయూలో ఒక్కో రోగికి రోజూ రిజిస్టర్డ్ నర్సు సేవ గంట పెరిగిన చోట పడిపోవడాలు 3 శాతం తక్కువ. సహాయకుల గంటలు పెరిగితే ఆ మేలు కనబడలేదు. నర్సింగ్ బాగుందని ‘మాగ్నెట్’ గుర్తింపు పొందిన ఆస్పత్రుల్లో 5 శాతం తక్కువ.

మీ ఆస్పత్రినీ అడగండి: వెయ్యి రోగి-రోజులకు (ఒక రోగి ఒక రోజు ఉంటే ఒక రోగి-రోజు) ఎంతమంది పడుతున్నారని. రిజిస్టరే లేదంటే నాకైతే టెన్షనే.

ఇప్పుడు అమ్మ మంచం ఎత్తు తగ్గించమనండి, బెల్లు చేతికందేలా పెట్టించండి. మూత్రం ఎక్కువ వచ్చే మాత్ర పొద్దున్నే ఇవ్వొచ్చేమో డాక్టర్‌ను అడగండి. మీరు మాత్రం మంచం పక్కనే చాప పరవకండి. చీకట్లో దానికే కాలు తట్టి పడ్డవాళ్లను చూశాను.