పెరుగు తోడు

ప్రశ్న: టీచరమ్మగారికి వందనాలు. మాది విజయనగరం, తోటపాలెం. మా పక్కింట్లో డెబ్బై దాటిన మామ్మగారు ఒక్కరే ఉంటారు. సిరిమాను పండక్కి కొడుకు హైదరాబాదు నుంచి, కూతురు బెంగళూరు నుంచి పిల్లాపాపలతో వచ్చారు. సోమవారం తొలేళ్లకి, అంటే సిరిమాను ముందురోజుకి, ఇల్లంతా కిటకిట. గురువారానికి అంతా ఖాళీ. అప్పట్నుంచి ఆవిడ అరుగు మీదికి రావడమే మానేశారు. మా స్త్రీల సమాజం నుంచి ఐదుగురం పళ్లు, దుప్పటి పట్టుకెళ్లి ప్రార్థన చేసి వచ్చాం. రెండోసారి వెళ్తే తలుపు తీయలేదు. వాళ్లు హిందువులు. మతం మార్చడానికి వచ్చామనుకున్నారేమో. క్రిస్మస్ దగ్గరకొస్తోంది, ఏం చేయమంటారు?

జవాబు: కోప్పడనంటే ఒక మాట చెప్తానమ్మా. నేనైనా తలుపు తీసేదాన్ని కాదు. ఐదుగురు ఆడవాళ్లు, చేతిలో బత్తాయిల సంచి, చంకలో బైబిళ్లు. చూసినవాళ్లు ఆ ఇంట్లో ఎవరో మంచం పట్టారనుకోరూ? ఆవిడకెంత నామోషీ! ఇక దుప్పటి. ఇద్దరు పిల్లల్ని చదివించి పైకి తెచ్చిన మనిషికి దుప్పటి లేకనా?

మతం సంగతి ఎత్తారు గనక దాచకుండా చెప్తాను. ఆవిణ్ణి ఎలాగైనా మన మందిరానికి తీసుకురావాలని మనసులో ఏ మూలో ఉంటే, దాన్ని ఇంట్లో వదిలేసి వెళ్లండి. గాలానికి గుచ్చిన ఎర చేపకి తెలీకపోవచ్చు, మనిషికి తెలిసిపోతుంది. ఆవిడ అడిగితే తప్ప అక్కడ ప్రార్థన వద్దు. మీ గదిలో తలుపేసుకుని చేసుకోండి. ప్రభువు చెప్పిందీ అదేగా.

యోహాను సువార్త 4వ అధ్యాయం మీరు ఎన్నిసార్లు చదివుంటారో. మిట్టమధ్యాహ్నం, సమరయ స్త్రీ ఒక్కతే బావికొచ్చింది. యూదులు సమరయులతో కలవని రోజులు. యూదుడైన యేసు ఆమెకి ఏదీ ఇవ్వబోలేదు, ముందు అడిగాడు. ‘నాకు దాహమునకిమ్ము’ అన్నాడు. జీవజలం మాట ఆ తర్వాతే వచ్చింది. ఇంకోటి చూడండి, శిష్యులు అప్పుడు ఊళ్లోకి తిండి కొనడానికి వెళ్లారు. వాళ్లంతా చుట్టూ నిలబడి ఉంటే ఆ తల్లి ఖాళీ కుండతో వెనక్కి తిరిగేదని నా అనుమానం.

నా సంగతే చెప్తాను. మా ఆయన పోయాక ఆదరణ కూడికకి షామియానా పట్టనంత జనం వచ్చారు. పాటలు పాడారు, వాక్యం చెప్పారు, భోంచేశారు. మర్నాటి నుంచి గేటు చప్పుడు లేదు. ఒక్కదానికి ఏం వండుకుంటాంలే అని పాలు పోయించుకోవడం మానేశాను, పెరుగు పాకెట్టు తెచ్చుకుని అన్నంలో కలుపుకునేదాన్ని. ఓ సాయంత్రం ఎదురింటి కొత్త కోడలు చిన్న స్టీలు గిన్నె పట్టుకుని వచ్చింది. ‘మామ్మా, చలికి మా పెరుగు తోడుకోట్లేదు. కాస్త తోడు పెడతావేటి?’ అంది. లేదని చెప్పడానికి సిగ్గేసింది. రేపు రమ్మన్నాను. ఆ రాత్రే అర లీటరు పాలు తెప్పించి కాచాను. వేలు పెడితే గోరువెచ్చగా తగిలేదాకా చల్లార్చి, పాకెట్టు పెరుగే ఓ చెంచాడు వేసి, తువ్వాలు చుట్టి బియ్యం డబ్బాలో దాచాను. పొద్దున్నే మూత తీస్తే కత్తితో కోస్తే ముక్కొచ్చేలా ఉంది. చాన్నాళ్ల తర్వాత ఒకరి కోసం ఎదురు చూడటం ఆ రోజే. ఆ పిల్ల తర్వాత నాలుగేళ్లు వారంలో రెండు మూడుసార్లు వస్తూనే ఉంది. వాళ్లింట్లో పెరుగు నిజంగానే తోడుకునేది కాదో ఏమో నేను ఎప్పుడూ ఆరా తీయలేదు.

అంచేత మీరొక్కరే వెళ్లండి, గిన్నె పట్టుకుని. దీపాలు పెట్టాక మాత్రం వద్దు, ఆ వేళ పాలూ పెరుగూ ఇవ్వరు పెద్దవాళ్లు. పెరుగు కాకపోతే సూది, కరివేపాకు, ఏదైనా. కూర్చోమంటే కూర్చోండి. గుమ్మంలోనే ఇచ్చి పంపేస్తే అదీ సరే, రెండ్రోజులాగి మళ్లీ వెళ్లండి. పండగ ముందు ఎవరైనా పలకరిస్తారు, సంక్రాంతికి వచ్చిన పిల్లలు వెళ్లిపోయిన మర్నాడు మర్చిపోకండి. ఆ రోజే గోడలు మీద పడేది.

తిండి, నిద్ర రెండూ తప్పి రోజులు గడుస్తుంటే మాత్రం అది తోడుతో తీరేది కాదు. వాళ్లబ్బాయికి కబురు చేసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమనండి. పెద్దవాళ్ల కోసమని 14567 నంబరు ఉంది, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు.

ఆవిడ తన గిన్నెలో ఏదైనా ఇస్తే, అది తిరిగిచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వరని మీకు నేను చెప్పాలా. క్రిస్మస్ అరిసెలు నాలుగు వేసి ఇవ్వండి. ఆవిడకి షుగరుందేమో ముందు కనుక్కోండి, ఉంటే జంతికలు.