ఆట మానేసి కోచ్ అవుతున్న తమ్ముడికి

తమ్ముడూ,

బాస్కెట్‌బాల్ ఆట నుంచి రిటైర్ అయ్యావనీ, కోచింగ్‌లోకి వస్తున్నావనీ విన్నాను. సంతోషం. కానీ ఎవరైనా హెడ్ కోచ్‌గా రమ్మంటే వెంటనే ఊ అనేయకు. ముందు రెండేళ్లు ఎవరి దగ్గరైనా అసిస్టెంట్‌గా చెయ్యి, నామోషీ అనుకోకు.

అసలు చిక్కు ఏంటంటే, నీ కాళ్లకు తెలిసింది నీ నోటికి రాదు. డిఫెండర్ భుజం ఎటు వాలిందో చూసి ఎటు దూసుకెళ్లాలో ఇన్నేళ్లూ నీ కాళ్లే తేల్చేశాయి. ఇప్పుడు అదే ఇంకొకడికి మాటల్లో చెప్పాలి. అమెరికా ఎన్‌బీఏ లీగ్‌లో ఆడిన మ్యాజిక్ జాన్సన్ కంటే కోర్టు మొత్తాన్ని బాగా చూడగలిగినవాడు ఎవడున్నాడు? 1994లో సీజన్ చివర తన పాత జట్టు లేకర్స్‌కి కోచ్‌గా నిలబడితే 16 మ్యాచుల్లో 5 గెలిచాడు. మళ్లీ ఆ పని జోలికి పోలేదు.

అదే లీగ్‌లో ఆడిన స్టీవ్ కెర్‌ని చూడు. ఆటగాడిగా 5 టైటిళ్లున్నా, ఎక్కువగా బెంచ్ మీద నుంచి లేచి వచ్చి ఆడినవాడే. పేరున్న కోచ్‌లు ఫిల్ జాక్సన్, పాపోవిచ్ ఇద్దరి కిందా ఆడాడు. అలా కూర్చుని చూసిన గంటలు ఊరికే పోలేదని నా నమ్మకం. 2014లో వారియర్స్ జట్టుకి కోచ్ అయ్యాడు, తొలి సీజన్‌లోనే టైటిల్ కొట్టాడు. ఇంకో కోచ్ స్పోల్‌స్ట్రా అయితే 1995లో హీట్ జట్టు వీడియో రూమ్‌లో చేరి, 2008లో గానీ హెడ్ కోచ్ కాలేదు. నువ్వూ ఒక్క సీజనైనా మ్యాచ్ వీడియోలు కట్ చెయ్యి. ఒకే పిక్ అండ్ రోల్‌ని (ఒకడు డిఫెండర్‌కి అడ్డు నిలబడి, వెంటనే బుట్ట వైపు కదిలే ఎత్తు) ఇరవై సార్లు వెనక్కి తిప్పి చూస్తే, బంతి లేని వైపు ఉన్న ఇద్దరూ ఏం చేస్తున్నారో అప్పుడు కనపడుతుంది. ఆడేటప్పుడు మన చూపు అటు పోనే పోదు.

ఇక టైమ్‌అవుట్. అంతర్జాతీయ రూల్స్‌లో ఒక్క నిమిషం. వాళ్లు వచ్చి కూర్చుని నీళ్లు తాగేసరికే కొన్ని సెకన్లు పోతాయి. కోచ్‌గా నా మొదటి మ్యాచ్‌లో ఆ కాస్త టైమ్‌లో ఐదు విషయాలు చెప్పాను. బోర్డు నిండా బాణం గుర్తులే. బజర్ మోగింది, లోపలికి వెళ్లగానే ఇద్దరు ఒకే మూలకి పరిగెత్తారు. ఆట నడిపించాల్సిన మా పాయింట్ గార్డ్ బంతి పట్టుకుని నావైపు బిత్తరచూపులు చూశాడు. షాట్ వేయడానికి ఉన్న 24 సెకన్లు అలాగే అయిపోయాయి. ఆ తర్వాత నుంచి ఒక్క విషయమే చెప్తున్నాను: బంతి ఎవరికి, స్క్రీన్ (అంటే డిఫెండర్‌కి అడ్డు) ఎవరు పెట్టాలి. చెప్పాక ఎవడో ఒకడి చేత తిరిగి చెప్పించుకుంటాను.

ఓడితే ముందు పోయేది కోచ్ ఉద్యోగమే. పన్నెండు మందిని మార్చడం కన్నా ఒక్కణ్ణి మార్చడం తేలిక కదా. మధ్యలో తీసేస్తే ఎంత ఇస్తారో కాంట్రాక్ట్‌లోనే రాయించుకో.

ఇంకోటి. కుర్రాడికి షాట్ పడకపోతే బంతి లాక్కుని నువ్వు వేసి చూపించకు. నీకు పడుతుంది, అందరూ చప్పట్లు కొడతారు, వాడు మాత్రం మళ్లీ మిస్ చేస్తాడు. వాడి మోచెయ్యి ఎక్కడుందో చూడు, అది చెప్పు.

విజిల్స్ రెండు పెట్టుకో. సరిగ్గా కావలసినప్పుడే ఒకటి కనపడకుండా పోతుంది.

నీ అన్న