నాన్నకు చెప్పొద్దంటున్నారు... ఏం చేయను?

ప్రశ్న: మాది ఉప్పల్. నాన్నకు 61 ఏళ్లు, ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. రెండు వారాల కిందట స్కానింగ్‌లో లివర్‌లో 4 సెంటీమీటర్ల గడ్డ బయటపడింది. క్యాన్సరేనన్నారు. సిర్రోసిస్, హెపటైటిస్ బి కూడా ఉన్నాయట. ఆయనకు మాత్రం ‘లివర్ వాచింది’ అని చెప్పాం. నిజం చెబితే తట్టుకోలేరని అమ్మ, బాబాయి నాతో ఒట్టు వేయించుకున్నారు. చుక్క ముట్టని మనిషిని చుట్టాలు తాగుబోతుల్లో కలిపేశారు. అమ్మ ఆయన కంచం, గ్లాసు వేరు పెట్టింది. నా లివర్‌లో ముక్క ఇస్తానంటే ‘పెళ్లి కావాల్సిన పిల్లవి’ అని ఏడుస్తోంది. నాన్న పగలంతా పడుకుని రాత్రంతా మేలుకుంటున్నారు, రిపోర్టులో ఏముందని అడుగుతూనే ఉన్నారు. మొన్న పాలవాడి దగ్గర చిల్లర లెక్క కూడా తప్పారు. దిగులు వల్లే అనుకుంటున్నాం. శనివారం మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లాలి. నాకు నిద్ర లేదు, ఆఫీసులో పని సాగడం లేదు.
– ఓ కూతురు

జవాబు: మీరు చివర్లో రాసేసిన ఆ చిల్లర లెక్క దగ్గరే మొదలుపెడతానమ్మా. కదిలే బస్సులో నిలబడి ఏళ్ల తరబడి చిల్లర లెక్కపెట్టిన మనిషి పాలవాడి దగ్గర తడబడ్డారంటే దాన్ని దిగులు ఖాతాలో వేయకండి. సిర్రోసిస్‌లో, అంటే లివర్ మచ్చలు కట్టి గట్టిపడినప్పుడు, అది వడకట్టాల్సిన అమ్మోనియా లాంటివి రక్తంలో నిలిచిపోయి మెదడు మీద పనిచేస్తాయి. పగలూ రాత్రీ తారుమారవడం, చేతులు వణకడం, చిరాకు, లెక్క తప్పడం ఇలాగే మొదలవుతాయి. మలబద్ధకమో, ఇన్ఫెక్షనో తోడైతే ముదురుతుంది. వేళకు పట్టుకుంటే చాలామంది లాక్టులోజ్ సిరప్ లాంటి మందులతో తేరుకుంటారు. శనివారం దాకా ఆగకుండా ఇవాళే డాక్టరుకు చెప్పండి. రక్తం వాంతైనా, విరేచనం తారులా నల్లగా వచ్చినా, లేపితే సరిగా లేవకపోయినా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఆయన మనసు తేటపడ్డాక అసలు మాటకు రావాలి. చెప్పాలి. బస్సు బోర్డులు చదువుతూ బతికిన మనిషికి ఆసుపత్రి బోర్డు చదవడం రాదనుకుంటున్నారా? నా దగ్గరికి వచ్చిన ఒక కుటుంబం ఫైలుకు న్యూస్‌పేపరు అట్ట వేసి మరీ దాచింది. పెద్దాయనకు మొదటి వారంలోనే తెలుసు. ‘పిల్లలు బాధపడతారని నేనూ తెలియనట్టే ఉన్నాను’ అన్నారు నాతో. ఇంట్లో అందరూ ఏడ్చారు, ఎవరి గదిలో వాళ్లు.

అమ్మగారిది, బాబాయిగారిది ప్రేమే, కాదనను. కానీ మీరు లివర్ ఇస్తానంటున్నారు. ఆయనకు చెప్పకుండా ఆయనకు లివర్ ఎలా ఇస్తారు? చికిత్స ఏదైనా సంతకం ఆయనే పెట్టాలి. ఒట్టు సంగతంటారా, అమ్మకు ముందుగా చెప్పే దాటండి. దొంగచాటుగా వద్దు.

పొద్దున టిఫిన్ అయ్యాక కూర్చోండి, రాత్రి వద్దు. ముందు మీరే అడగండి: ‘నీకేమనిపిస్తోంది నాన్నా? అన్నీ తెలుసుకోవాలని ఉందా?’ ఆయన వద్దంటే ఆగండి, అదీ ఆయన హక్కే. చెప్పమంటే ‘లివర్‌లో గడ్డ ఉంది, క్యాన్సర్ అంటున్నారు. ఏం చేయొచ్చో డాక్టరు దగ్గర నువ్వే అడుగు, నేను పక్కనే ఉంటా’ అనండి. ఆ తర్వాత మాట్లాడకండి. ధైర్యం చెప్పాలని నోరు ఊరుకోదు, తెలుసు. ‘ఏం కాదు నాన్నా’ అనొద్దు. ఆయన ఏడిస్తే ఏడవనివ్వండి, టీవీ పెట్టమంటే పెట్టండి.

లివర్ ఇచ్చే మాట ఈ వారం తేల్చుకునేది కాదు. ఒక్కటే గడ్డ, 5 సెంటీమీటర్ల లోపు ఉంటే మార్పిడి గురించి ఆలోచించే వీలుంది; రక్తనాళాల్లోకి పాకిందా, లివర్ ఎంత పనిచేస్తోంది, గుండె తట్టుకుంటుందా చూసి డాక్టర్లే చెప్పాలి. కోసి తీయడం, సూదితో వేడి పంపి గడ్డను కాల్చడం, రక్తనాళం ద్వారా మందు పంపి గడ్డకు రక్తం ఆపడం, మాత్రలు, ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి పంపే ఇమ్యునోథెరపీ కూడా ఉన్నాయి. 1994 అవయవ మార్పిడి చట్టం కింద కూతురు దగ్గరి బంధువే, ఇవ్వొచ్చు. ఇచ్చాక మీలో మిగిలిన లివర్ కొన్ని నెలల్లో చాలావరకు పెరుగుతుంది, పెళ్లికీ పిల్లలకూ అది అడ్డం కాదు. అయినా అది పెద్ద ఆపరేషన్, ప్రమాదం సున్నా కాదు. ఆఖరి నిమిషంలో వద్దనుకునే హక్కు మీకుంది. అలా అనుకుంటే చెడ్డ కూతురైపోరు. బ్రెయిన్ డెడ్ అయినవారి అవయవాల కోసం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించడం గురించీ అడగండి.

దానికన్నా ముందు మీ ఇంటిల్లిపాదికీ హెపటైటిస్ బి పరీక్ష కావాలి. ఈ వైరస్ చాలామందికి పుట్టుకలోనే తల్లి నుంచి వచ్చి, చప్పుడు లేకుండా దశాబ్దాలు ఉండిపోయి లివర్‌ను పాడుచేస్తుంది. అందుకే చుక్క ముట్టని వాళ్లకూ ఈ జబ్బు వస్తుంది, ఆ మాట చుట్టాలకు ఒక్కసారి చెప్పి వదిలేయండి. తోడబుట్టినవారు కాబట్టి బాబాయిగారు అందరికన్నా ముందు చేయించుకోవాలి! లేదని తేలి, ఇంతకుముందు టీకా పడకపోతే ఆరు నెలల్లో మూడు డోసులు వేయించుకోవచ్చు. కంచం, గ్లాసు వల్ల ఇది అంటుకోదు. వేరు పెట్టాల్సింది రేజరు, నెయిల్ కట్టరు, టూత్‌బ్రష్. ఆ కంచం మాత్రం ఇవాళే తీసుకొచ్చి అందరి కంచాల్లో కలిపేయండి.

ఆకు పసర్లు ఎవరు తెచ్చినా వద్దు. తిప్పతీగ వాడి లివర్ దెబ్బతిన్న కేసులను మన దేశంలోనే డాక్టర్లు నమోదు చేశారు. నొప్పికి డైక్లోఫెనాక్, బ్రూఫెన్ మెడికల్ షాపులో అడిగి వేయకండి. పొట్టలో నీరు చేరితే ఆవకాయ, అప్పడం పక్కన పెట్టాల్సిందే. పప్పు, గుడ్డు మాత్రం ఎవరో చెప్పారని మానిపించొద్దు.

డబ్బు విషయానికొస్తే, రిటైరైన వారి వైద్య సౌకర్యం కింద ఏం వర్తిస్తుందో తార్నాక ఆర్టీసీ ఆసుపత్రిలో అడగండి. తెల్ల రేషన్ కార్డుంటే ఆరోగ్యశ్రీ ఉంది, 2023 డిసెంబరులో పరిమితిని 10 లక్షలు చేశారు. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, పంజాగుట్టలోని నిమ్స్ ప్రభుత్వ ఆసుపత్రులు. ఎం.ఎన్.జె.లో నొప్పి తగ్గించే పాలియేటివ్ విభాగం ఉంది. అది ఆఖరి రోజులకే అనుకోకండి.

ఆఫీసులో ఒక్కరికైనా, మీ మేనేజరుకైనా, ఉన్నదున్నట్టు చెప్పండి. నిద్ర పట్టని రాత్రి మాట్లాడే మనిషి కావాలంటే టెలి మానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడతారు.

శనివారం వెళ్లేటప్పుడు ఫైలు నాన్నగారి చేతికే ఇవ్వండి. అమ్మగారినీ వెంటబెట్టుకెళ్లి రక్తపరీక్ష అక్కడే చేయించేయండి. దానికి పరగడుపున ఉండనక్కర్లేదు, ఇంట్లో తినే బయల్దేరండి.